ఓటుకు కిడ్నీ

పుల్లంకోడ్,
త్రిశూర్ జిల్లా,
ఫిబ్రవరి 18, ఆదివారం.

చిరంజీవి డాక్టర్ కె. విశ్వంభరన్‌కి అక్క సౌదామిని ఆశీర్వదించి రాస్తున్నది.

నేనిక్కడ క్షేమం అని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. నీ క్షేమం అడగాల్సిన పని లేదు. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఏ ఛానల్ పెట్టినా తిరువనంతపురం నుంచి నున్నగా, నిగనిగలాడుతూ కనిపిస్తూనే ఉన్నావు. జుట్టుకి రంగు బాగా కుదిరింది. వెనక పుస్తకాల బీరువా కొత్తగా చేయించినట్టున్నావు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు అట్టలు. చదివిన పుస్తకాలు అలా ఉండవురా, బళ్ళో జీవితమంతా సోషల్ చెప్పిన దాన్ని, నాకు తెలియదా. మొదట్లో నీ పేరు కింద 'న్యాయశాస్త్ర అధ్యాపకుడు' అని పడేది. తర్వాత 'రాజ్యాంగ నిపుణుడు' అయ్యావు. వరదలప్పుడు 'విపత్తుల విధాన నిపుణుడు', వీధికుక్కల గొడవప్పుడు 'జంతు చట్టాల పరిశీలకుడు'. పోయిన నెల చూస్తే 'వైద్య న్యాయ నిపుణుడు'. మనిషి మారడు, కుర్చీ మారదు, కింద పట్టీ మాత్రం రోజుకోటి. ఇంత తక్కువ చదువుతో ఇన్నిట్లో నిపుణుడివి కావడం నిజంగా ప్రతిభే.

మనకి మాటలు పోయి రెండేళ్ళు దాటింది. ఎందుకు పోయాయో నీకు గుర్తుండకపోవచ్చు. రోజుకి నలుగుర్ని తీసిపారేసే ఉద్యోగంలో ఉన్నవాడికి అన్నీ ఎక్కడ గుర్తుంటాయి. ఆ రోజుల్లో పంచాయతీ ప్రెసిడెంటుని నేనే. మా కొండ మీద క్వారీకి లైసెన్సు ఆపాను. నువ్వు తెర మీద కూర్చుని, ఇంత సాంకేతికమైన విషయాలు రిజర్వేషను వార్డుల్లో గెలిచొచ్చిన ఆడవాళ్ళ చేతుల్లో పెట్టడం రాష్ట్రానికి క్షేమం కాదన్నావు. ఆ ఆడది నీ అక్క అనీ, నిన్ను లా కాలేజీలో చేర్పించడానికి పెళ్ళి వాయిదా వేసుకుని, వేసుకుని, చివరికి మానేసిన మనిషనీ ప్రేక్షకులకి చెప్పలేదు. సమయం చాలక అయ్యుంటుంది. నేను ఫోన్ చేసి, ఇంక నాతో మాట్లాడకు అన్నాను. ఆ ఒక్క మాటా బుద్ధిగా విన్నావు.

మర్నాడు పంచాయతీ సమావేశంలో నిన్ను ఖండిస్తూ ఒక తీర్మానం వచ్చింది. పెట్టింది మా వాళ్ళు కాదు. ఎదటి పార్టీ నాయకురాలు రోసిలి. నీకు తెలియని మనిషి కనుక చెబుతున్నాను. మార్కెట్ వెనక కుట్టుమిషన్ల కొట్టు నడుపుతుంది. మొగుడు వారీత్‌కి సరుకు ఆటో ఉంది. ఇరవై ఏళ్ళ నుంచి ఒకే వార్డులో ఒకసారి నేను గెలుస్తాను, ఒకసారి అది గెలుస్తుంది. ఆ వార్డు ఆడవాళ్ళకి రిజర్వు కానప్పుడు చెరో పక్క వార్డుకి పోయి అక్కడ నుంచి తిట్టుకుంటాం. ఈసారి అలాగే ఇద్దరం గెలిచాం. నేను వేయించిన కల్వర్టుకి అది నల్లజెండాలు కట్టింది. అది తెచ్చిన నీళ్ళ పథకం మీద నేను కేసు వేశాను. ఆ రోజు లేచి నిలబడి, "టీచర్ని అనాల్సినవన్నీ నేను అంటాను. ఆ హక్కు నాకు ఓటర్లిచ్చారు. తిరువనంతపురంలో కూర్చున్నవాడికి ఎవడిచ్చాడు?" అంది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మా పంచాయతీ చరిత్రలో అందరూ చెయ్యెత్తింది అదొక్కదానికే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాన్నకున్న షుగరు నాకూ వచ్చిందని నీకు తెలుసు. అది కిడ్నీల దాకా పాకిందని తెలియదు, నేను చెప్పలేదు కనుక. పోయినేడు వేసవి నుంచి వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శని, త్రిశూర్‌లో డయాలసిస్. తాగే నీళ్ళు గ్లాసుతో కొలుచుకోవాలి. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు. కేరళలో పుట్టి కొబ్బరి వద్దంటే ఇంకేం తిని బతకాలో ఆ డాక్టరుకీ తెలియదు. వేరే కిడ్నీ పెడితే తప్ప ఎక్కువ కాలం లాగలేనని చెప్పాడు.

ఇదిలా ఉండగా మా రాజకీయాలు మావి. ఒక స్వతంత్ర సభ్యుడు అటు దూకితే నా ప్రెసిడెంటుగిరీ ఊడి రోసిలికి వచ్చింది. అక్టోబరులో అదే మహానుభావుడు మళ్ళీ ఇటు దూకాడు. మా వాళ్ళు రోసిలి మీద అవిశ్వాసం పెట్టారు. ఓటింగు మంగళవారం పడింది. నాకు డయాలసిస్ రోజు. మా పార్టీ కార్యదర్శి ఇంటికొచ్చి, ఒక్కరోజు మానేస్తే ఏం కొంప మునుగుతుంది టీచర్ అన్నాడు. మునిగేది నేనే అని చెప్పి పంపాను. రోసిలి ఏం చేసిందో తెలుసా? ఓటింగు జరిపించే అధికారి దగ్గరికెళ్ళి తేదీ మార్చమంది. తనని దించే ఓటు నేను వచ్చి వేసుకోవడానికి! నోటీసు ఇచ్చాక తేదీ మార్చే వీల్లేదని అతను పంపేశాడు. నేను వెళ్ళలేదు. ఒక్క ఓటు తక్కువై అవిశ్వాసం వీగిపోయింది. రోసిలి ప్రెసిడెంటుగా మిగిలింది.

ఆ వారమే అది డయాలసిస్ గదికి వచ్చింది. నా మంచం పక్కన నిలబడి మిషన్ని ఎగాదిగా చూసింది. మీరు రాకపోవడం వల్ల నేను గెలిచానని ఊరంతా నవ్వుతోంది, ఇంత సిగ్గుమాలిన గెలుపు నాకెప్పుడూ లేదు అని నన్నే తిట్టింది. నా రక్తం గ్రూపు అడిగింది. తనదీ అదే. కొన్నాళ్ళకి పరీక్షల కాగితాలన్నీ పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేసి, సరిపోతుందట, తీసుకోండి అంది. నేను వద్దన్నాను. నీ పార్టీ కిడ్నీ నాకొద్దు అన్నాను. దానికి పార్టీ సభ్యత్వం ఇవ్వలేదులెండి అంది. అప్పుడు ఏడ్చానురా. మిషన్‌కి కట్టేసి ఉన్నాను కనుక మొహం తిప్పుకోవడానికి కూడా లేకపోయింది.

రక్తసంబంధం లేనివాళ్ళు అవయవం ఇవ్వాలంటే ఒక కమిటీ ఒప్పుకోవాలని నీకు నేను చెప్పాలా. డబ్బు లేదనీ, ఆపేక్షతోనే ఇస్తున్నారనీ వాళ్ళకి నమ్మకం కలగాలి. జనవరిలో కమిటీ కూర్చునే ముందు రోజు సంగతి ఎలాగో పొక్కింది. ఆ రాత్రి ఎనిమిదికి నీ చర్చ. 'ఓటుకు కిడ్నీ?' అని ఎర్ర అక్షరాలు. తెర మీద నలుగురు. ఒక పార్టీవాడు, ఇంకో పార్టీవాడు, రిటైరైన ఒక అధికారి, నువ్వు. పేర్లు చెప్పకూడదు కనుక చెప్పలేదు. నేను ఆస్పత్రి మెట్లెక్కుతున్న బొమ్మ వేసి నా మొహానికి మసక కొట్టారు. నడకకి కొట్టలేదు. అది అచ్చం అమ్మ నడక. నువ్వు గుర్తుపట్టావో లేదో నాకు తెలియదు. పట్టి మాట్లాడి ఉంటే నీచం. పట్టకుండా మాట్లాడి ఉంటే, కళ్ళెదుట నడిచే మనిషిని చూడకుండా మనుషుల గురించి విధానాలు చెప్పేవాణ్ణి ఏమనాలో నువ్వే చెప్పు, నిపుణుడివి.

నీ వాదన నాకు కంఠతా వచ్చు. మర్నాడు ఉదయమూ మళ్ళీ వేశారు కదా. ప్రతిఫలం అంటే డబ్బే కానక్కర్లేదు, ఓటు వెయ్యకుండా ఆగడం కూడా విలువైనదే అన్నావు. బాగుంది. ఇద్దరు బద్ధశత్రువుల మధ్య ఆపేక్షని ఊహించుకోలేం, సాక్ష్యం కావాలి అన్నావు. అదీ బాగుంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎంతో తాపీగా, "అసలు నేనడిగే మొదటి ప్రశ్న ఇది: ఆ రోగి సొంతవాళ్ళు ఎక్కడ? తోడబుట్టినవాళ్ళు ఉండి ముందుకి రాకపోతే అనుమానం అక్కణ్ణుంచే మొదలవ్వాలి" అన్నావు. కళ్ళజోడు ఎందుకు తుడుచుకుంటావురా చీటికీమాటికీ? చిన్నప్పుడు లెక్క రానప్పుడు పలక అలాగే తుడుస్తూ కూర్చునేవాడివి.

ఆ రిటైరైన అధికారి నీ మాటకి తలూపాడు. పార్టీవాళ్ళిద్దరూ జీవితంలో మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు. చర్చ నడిపే కుర్రవాడు, చాలా లోతైన చర్చ జరిగింది అని నమస్కారం పెట్టాడు. నాకు తెలిసినంతలో లోతు ఎక్కడుందంటే, మర్నాడు కూర్చోవాల్సిన కమిటీ కూర్చోలేదు. పోలీసు విచారణ జరగాలని వాయిదా వేసింది. ఆ వాయిదాలో నా చేతిలో డయాలసిస్ సూది గుచ్చే నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేశారు. ఒకసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కారులో పడుకోలేక కూర్చునే త్రిశూర్ దాకా వెళ్ళాను. ఆ వేళ నువ్వు సముద్రతీరపు కట్టడాల మీద మాట్లాడుతున్నావు. ఆస్పత్రి వరండాలో టీవీ ఉంది. 'తీరప్రాంత చట్టాల నిపుణుడు' అని పడింది.

పోలీసులు రోసిలి కొట్టుకీ వెళ్ళారు. ఎస్సై చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడిపోయి ఉందట. విప్పించి, మిషన్ మీద వేసి, అతను బనీనుతో కూర్చుని ప్రశ్నలు అడుగుతుంటే కుడుతూ జవాబులు చెప్పింది. ప్రెసిడెంటు పదవి నిలబెట్టుకోవడానికే కిడ్నీ ఇస్తున్నావా అని అడిగాడట. ఆ పదవిలో వచ్చేదాంతో నెల రోజుల ఆటో డీజిల్ కూడా రాదు, దానికోసం కడుపు కోయించుకునే పిచ్చిదాన్నైతే నా దగ్గర చొక్కా ఎందుకు కుట్టించుకుంటున్నారు సార్ అందట. అతను నిజాయితీపరుడు. అనుమానాస్పదంగా ఏమీ లేదని రాసిచ్చాడు.

పోయిన బుధవారం కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ఒక పెద్ద డాక్టరమ్మ. మంచిదే కానీ, ఆవిడా నీ చర్చ చూసే వచ్చింది. ఇద్దరం కలిసి దిగిన ఫోటోలు కావాలన్నారు. ఆపేక్షకి సాక్ష్యం అంటే వాళ్ళకి అదే. పుట్టినరోజు కేకులు, పెళ్ళిళ్ళు, విహారయాత్రలు. మా ఇద్దరికీ ఏముంటాయి? రోసిలి సంచీలోంచి ఒక పాత పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. బస్టాండు ముందు ధర్నాలో నేను దాని మొహం మీద వేలు పెట్టి అరుస్తున్నాను, అది నా గొడుగు లాక్కుంటోంది. డాక్టరమ్మ కాసేపు చూసి, ఇందులో మీరు కొట్టుకుంటున్నారు కదా అంది. కలిసి దిగింది అడిగారు, కలిసే ఉన్నాం కదా అని రోసిలి జవాబు.

సొంతవాళ్ళెవరూ లేరా అని నన్నడిగారు. ఒక తమ్ముడున్నాడు అన్నాను. ఎందుకు రాలేదు అన్నారు. మాకు మాటల్లేవు అన్నాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "సొంత తమ్ముడితో మాటల్లేవు, ప్రతిపక్షంతో ప్రేమా?" అంది. ఆ గదిలో నాకు నిజంగా సిగ్గేసింది ఆ ఒక్క క్షణమే. నీ పేరు చెప్పలేదు. చెబితే వాళ్ళు లేచి నిలబడేవాళ్ళేమో.

భార్య కిడ్నీ ఇవ్వడానికి వారీత్ ఒప్పుకున్నాడా అని అతన్నీ పిలిచారు. ఆరడుగుల మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదట ఒప్పుకోలేదట. వారం రోజులు అన్నం మానేసి బెంగపెట్టుకున్నాడట. తర్వాత ఎందుకు ఒప్పుకున్నావంటే, టీచర్ని తిట్టందే మా ఆవిడకి ముద్ద దిగదు సార్, టీచర్ లేకపోతే ఆ తిట్లన్నీ నేనే తినాలి అన్నాడు. కమిటీలో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి డాక్టరమ్మ రోసిలిని సూటిగా అడిగింది. ఈవిడంటే మీకు ఏ ఆపేక్ష ఉంది, ఒక్కటి చెప్పండి అని. రోసిలి ఎప్పుడూ ఆలోచించి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఆలోచించింది.

"ఆపేక్ష అంటే నాకు తెలీదమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి నేను ఏం చేసినా తప్పు పట్టడానికి ఈవిడ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసింది. నేను ఎక్కడ తప్పినా పట్టుకుంది. నా పార్టీవాళ్ళు కూడా నన్నంత చూడలేదు. ఈవిడ పోతే నా ఎదురుగా ఆ కుర్చీలో కూర్చునేవాడికి బడ్జెట్ అంటే ఏంటో తెలీదు. వాడి మీద గెలిచి నేనేం చేసుకోను? నాకు టీచరే కావాలి."

అంతే. ఆ గదిలో అయిదుగురు పెద్దలు, వాళ్ళ చట్టాల పుస్తకాలు, నీ చర్చ, అన్నీ ఉన్నాయి. డాక్టరమ్మ సంతకం పెట్టింది. మమ్మల్ని వెళ్ళమని, మళ్ళీ వెనక్కి పిలిచి, ఆ పేపరు ముక్క ఫైల్లో ఉంచుకోవచ్చా అని అడిగింది.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు ఒక గంటలో తేల్చేసిన విషయం ఇంత ఉందని తెలియాలని. నువ్వు చట్టం తప్పు చెప్పావని నేననను. చట్టం నీకు బాగానే వచ్చు. పేదవాళ్ళ ఒంట్లోంచి అవయవాలు కొనేవాళ్ళున్నారు, కమిటీలు ఉండాలి, ప్రశ్నలు అడగాలి, నేను కాదనను. కానీ అడిగేవాడికి జవాబు కావాలనే ఆశ ఉండాలి. నీకు లేదు. నీకు కావాల్సింది ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గడవడం. ఎవరి ప్రాణమో ఆ గంటలో వేలాడుతోందని నువ్వు ఒక్కసారి అనుకున్నా, సొంతవాళ్ళెక్కడ అని అంత తేలిగ్గా, అంత అందంగా అనేవాడివి కాదు. విధానం, ప్రజాప్రయోజనం, పారదర్శకత. ఈ మాటలు నీ నోట్లో లాలాజలంలా ఊరుతాయి. మింగడం కూడా అంతే తేలిక. నిన్ను చదివించినందుకు నేను ఎన్నడూ బాధపడలేదు, ఆ రాత్రి పడ్డాను.

ఆపరేషను గురువారం ఉదయం. పక్కపక్క గదుల్లో మమ్మల్ని పడుకోబెడతారట. రోసిలి నిన్న ఉప్పు లేని చేపల కూర పంపింది. ఇంత చప్పటి కూర జన్మలో వండలేదు, మీ నోరు లాగే ఉంది అని వారీత్ చేత చెప్పించింది.

జుట్టుకి రంగు వేసుకునేటప్పుడు చెవుల వెనక కూడా చూసుకో. తెర మీద తెలుస్తోంది.

నీ చేచ్చి,
సౌదామిని

తా.క.: కమిటీ ముందు నేనూ రోసిలీ, మా మధ్య ఏ ప్రతిఫలమూ లేదని ప్రమాణం చేసి చెప్పాం. అది అబద్ధం. నువ్వు అన్నదే నిజం, ప్రతిఫలం ఉంది. నీ చర్చ అయిన మర్నాడు రోసిలి మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నీ కార్యక్రమం రెండుసార్లు చూసిందట. "ఆయనకి అది మీరని తెలీదు టీచర్. తెలిసినవాడు అంత తాపీగా కళ్ళజోడు తుడుచుకోడు. ఆపరేషనుకి ముందు ఆయనకి మీ చేత్తో రాయండి. రాయకపోతే నేను ఆ బల్ల ఎక్కను" అంది. బతిమాలాను, తిట్టాను. వినలేదు. ఈ ఉత్తరమే నేను చెల్లించిన ధర. లేకపోతే నీకు రాసేదాన్ని కాదు.

ఇది నీకు మంగళవారానికి అందుతుంది. దీన్ని నువ్వు కమిటీకి పంపితే గురువారం ఆపరేషను జరగదు, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఆస్పత్రివాళ్ళు ఒక్కో రోగికీ తోడు ఉండే మనిషి పేరు రాయమన్నారు. రోసిలి వారీత్ పేరు రాసింది. నేను ఇంకా ఎవరి పేరూ రాయలేదు.